కూడిక గుర్తు తర్వాత

పుస్తకాలు చదివే ఉద్యోగం అనుకుని ఇందులో చేరాను. పుస్తకాలు కొలిచే ఉద్యోగమని చేరాక తెలిసింది. చెన్నై చివర షోళింగనల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో కేటలాగు విభాగం నాది. విభాగం అంటే నేనూ, ఒక బల్లా, ఒక స్కేలూ, ఒక కంప్యూటరూ. కొత్త పుస్తకం వస్తే దాని పేరు, రాసినవారు, అచ్చువేసినవారు ఎక్కించి, పేజీలెన్నో, బొమ్మలున్నాయో లేవో చూసి, నిలువు ఎన్ని సెంటీమీటర్లో కొలిచి ఒక వరుసలో రాస్తాను. పుస్తకం వెంట ఇంకేదైనా వచ్చి ఉంటే ఆ వరుస చివర ఒక కూడిక గుర్తు వేసి దాన్ని కూడా రాస్తాను. వెనక అట్ట జేబులో మడిచిపెట్టిన పటమో, ఒక చార్టో, ఒక సీడీయో. ఆ గుర్తు చూసేవాళ్ళ కంటికి ఆనదు. కానీ అది లేకపోతే ఆ వస్తువు మా లైబ్రరీలో లేనట్టే లెక్క. స్టాకు సరిచూసేటప్పుడు రికార్డులో లేనిది కనబడితే తీసి పక్కన పడేస్తారు.

ఇలా వెంట వచ్చిన వాటి విషయంలో మా నిబంధనలు మెత్తనివి. కూడిక గుర్తు తర్వాత రాయవచ్చు. కింద ఒక వివరణగా రాయవచ్చు. మరీ విలువైనదైతే దానికే విడిగా ఒక రికార్డు చెయ్యవచ్చు. అంత ముఖ్యం కాదనిపిస్తే రాయకుండా వదిలెయ్యనూ వచ్చు. ఏది ముఖ్యమో తేల్చేది కేటలాగు చేసేవాళ్ళే. ఆ అధికారం నా చేతిలో ఉందని నాకు లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఇక నా నోటి సంగతి చెప్పాలి. మాది చింతాద్రిపేట. మా ముత్తాతల ముత్తాతలు మగ్గాలతో వచ్చి అక్కడ కుదురుకున్నారట. మగ్గం పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు గానీ తెలుగు మాత్రం ఇంట్లో మిగిలింది. ఈడ, ఆడ, యాడికి పోతా ఉండావు, ఏం చేస్తా ఉండావు, మధ్య మధ్య సగం తమిళం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు, "సార్, ఆ పుస్తకాలు ఆడనే పెట్టుండాను" అన్నాను. మా లైబ్రేరియన్‌ది గుంటూరు వైపు. మంచి మనిషి, ఎగతాళి చెయ్యాలని అనలేదు. "మీ తెలుగు భలేగా ఉందండీ, సాంబార్లో గోంగూర వేసినట్టు" అని నవ్వారు. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. వాళ్ళకంటే గట్టిగా నేను నవ్వాను.

ఆ మర్నాటి నుంచి నాకు ఇక్కడ, అక్కడ, ఉన్నానండీ, వెళ్ళొస్తానండీ పట్టుకున్నాయి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. టీవీలో వార్తలు చదివే అమ్మాయి వెనకాలే నేనూ వల్లించేదాన్ని. కొన్నాళ్ళకు వాత మాని చర్మంలో కలిసిపోయింది. సాయంత్రం తిరువాన్మియూరులో రైలెక్కి చింతాద్రిపేటలో దిగేలోపల నా నోరు తనంతట తానే మారిపోతుంది, పొద్దున మళ్ళీ వెనక్కి మారుతుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఆంధ్రా పిల్లలు నన్ను తమ వైపు మనిషినే అనుకుంటారు. నేనెప్పుడూ కాదనలేదు.

ఒకరోజు ఒక పెద్దావిడ, మా పేటకు దగ్గర్లోని చూలై నుంచి ఆటోలో వచ్చింది. అంత దూరం ఎండలో. వెంట వచ్చిన కోడలు వరండాలో నిలబడి ఫోన్లో తమిళం మాట్లాడుకుంటూ ఉండిపోయింది. ఆవిడ గుడ్డసంచీలోంచి ప్లాస్టిక్ కవరు, కవరులోంచి న్యూస్‌పేపరు, న్యూస్‌పేపరు మడతల్లోంచి ఒక సన్నటి పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టింది. మద్రాసు తెలుగువాళ్ళ ఇళ్ళల్లో చెప్పుకునే కథల పుస్తకం. వెనక అట్ట జేబులో ఒక సీడీ ఉంది.

"మా ఇంటాయన తెలుగు అయ్యవారమ్మా. ఈ పుస్తకం ఆయనే రాసినాడు. కతలు మాత్రం నేను చెప్పినవి" అంది. "నేను చెప్పిందాన్ని ఆయన బాగా చేసి పుస్తకం మాదిరిగా రాసినాడు. సీడీలో ఉండేది నేను చెప్పింది చెప్పినట్టే."

తెరిచి చూశాను. పేరు ఆయనది ఒక్కటే ఉంది. ఆమె పేరు అట్ట మీదా లేదు, లోపలా లేదు. ఉంటే గింటే ఆ సీడీలో గొంతుగా ఉండాలి.

"ఆయన పొయ్యేలోపల పుస్తకాలన్నీ ఎవురెవురికో ఇచ్చేసినాడు. ఇంట్లో ఉండినవి ఒక వానాకాలం నీళ్ళొచ్చి తడిసిపొయినాయి. ఇది అటక మీద ఉండి తప్పించుకునింది. ఇంక ఇదొకటే."

"మరి ఇంట్లోనే ఉంచుకోవచ్చు కదండీ" అన్నాను.

"ఇంట్లో వినేదానికి మిషను యాడుందమ్మా. పిల్లకాయలకు తెలుగూ రాదు, తమిళమే. ఈడయితే మిషను ఉంటాది, చదువుకునే పిల్లలెవురన్నా వింటారు. సీడీ ఉండాదని కూడా మీ కంప్యూటర్లో రాస్తారు గదా?"

"తప్పకుండా రాస్తామండీ. పుస్తకం వెంట ఏదొచ్చినా రాయాలండీ మేము" అన్నాను, ఎంతో సాఫీగా.

ఆమె నా మాట విని నన్ను పరకాయించి చూసింది. "ఆంధ్రా నుంచి వచ్చినారా?" అని అడిగింది.

నేను నవ్వాను. అది ఔనని నవ్వు కాదు, కాదని నవ్వూ కాదు. కాని ఆమె ఔననే తీసుకుంది, అలా తీసుకోవాలనే నేను నవ్వాను. అప్పటిదాకా అమ్మా అమ్మా అంటూ నాకేసి వంగి మాట్లాడుతున్న మనిషి కుర్చీలో సర్దుకుని వెనక్కి జరిగింది. కొంగు భుజం నిండా కప్పుకుంది.

"మా మాటలు మీకు వినేదానికి ఒక మాదిరిగా ఉంటాయి. తప్పుగా అనుకోవద్దండి" అంది.

అండి అంది. మా అమ్మ కంటే పెద్ద మనిషి, ఎగ్మోరు స్టేషనుకు అటు వైపు నుంచి వచ్చిన మనిషి, ఇటు వైపు పుట్టి పెరిగిన నాతో తన మాటకు క్షమాపణ చెప్పుకుంది. అయ్యో, మాదీ ఈడనే పెద్దమ్మా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. పక్క గదిలో సార్ ఉన్నారు. మింగేశాను.

సీడీ ఆడే కంప్యూటరు మా లైబ్రరీలో సార్ దగ్గర ఉన్న పాతదొక్కటే. ఆమె వెళ్ళాక ఆయనే పెట్టి చూద్దామన్నారు. ఆయనా, నేనూ, కౌంటరులో కూర్చునే వరంగల్ అమ్మాయీ చుట్టూ చేరాం. కాసేపు గరగరమని చప్పుడు వచ్చి, తర్వాత ఆమె గొంతు వినబడింది, ఇప్పటి కంటే పదునుగా.

"ఒక ఊర్లో ఒక కాకి ఉండిందంట."

ఎక్కడో మైకుకు దూరంగా ఒక మగగొంతు, "ఊ" అంది.

"దానికి చీర కట్టుకోవాలని ఆశ పుట్టిందంట."

"ఊ."

"అది మగ్గమాయన కాడికి పొయ్యిందంట. నాకొక చీర నెయ్యబ్బా అనిందంట. నూలు యాడుండాదే, నూలు తెచ్చుకోపో అనినాడంట. ఆడికి పొయ్యిందంట, ఈడికి వొచ్చిందంట, రెక్కలు నొప్పి పుట్టినాయంట."

"ఊఁ, పాపం" అన్నాడు ఆ మనిషి. ఆమె కిసుక్కున నవ్వి మళ్ళీ అందుకుంది. ఆయన ఎవరో చెప్పక్కర్లేదు. కథ చెప్తుంటే ఊ కొట్టకపోతే కథ సాగదు కదా. అయ్యవారు మిషను నొక్కి, పక్కన కూర్చుని, పెళ్ళాం చెప్తున్న కథకు బుద్ధిగా ఊ కొట్టాడు.

నాకా కథ తెలుసు. మా అవ్వ చెప్పేది. చివర కాకికి చీర దొరుకుతుంది గాని ఎగరలేక కూర్చుని ఏడుస్తుంది.

"పొయ్యిందంట, వొచ్చిందంట" అని సార్ పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత నిజంగానే తెలుసుకోవాలన్నట్టు నా వైపు తిరిగి, "ఇదేం తెలుగండీ బాబూ, ఇప్పటికీ ఇట్లా మాట్లాడేవాళ్ళు ఉన్నారా ఇక్కడ?" అని అడిగారు.

ఆ రోజు పొద్దున నేను గడప దాటుతుంటే మా అమ్మ, "నీళ్ళ లారీ వొచ్చిందా చూసి పో" అని అరిచింది. నేను, "వొచ్చిందమ్మా" అని బదులు అరిచాను.

"పాతకాలం వాళ్ళండీ, పెద్దగా చదువుకోని వాళ్ళు" అన్నాను సార్‌తో.

వరంగల్ అమ్మాయి నవ్వలేదు. "మా అవ్వ గూడ గిట్లనే చెప్తది మేడం" అని అరచేతుల్లో గడ్డం ఆనించి వింటూ ఉంది. ఆ పిల్ల తన మాటను హైదరాబాదులోనూ దాచలేదు, చెన్నైలోనూ దాచలేదు. ఎవరైనా వెక్కిరిస్తే తిరిగి వెక్కిరిస్తుంది. దాన్ని చూస్తే నాకు ముద్దూ వచ్చేది, ఒళ్ళూ మండేది.

"రికార్డులో పెడతారో లేదో మీ ఇష్టమండీ. ఎలాగూ పుస్తకంలో ఉన్న కథలే కదా" అని సార్ సీడీ తీసి నా చేతికిచ్చారు.

నా ఇష్టం. బల్ల దగ్గర కూర్చుని పేజీలు ఎక్కించాను, నిలువు కొలిచాను, సెంటీమీటర్లు కొట్టాను. కూడిక గుర్తు మీద వేలు పెట్టి ఆగాను. అదే విషయం పుస్తకంలో ఉంది, సీడీ అంత ముఖ్యం కాదు, నిబంధన ఒప్పుకుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. రికార్డులో ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు, సార్ మళ్ళీ పెడతారు, మళ్ళీ నవ్వుతారు, ఇట్లా మాట్లాడేవాళ్ళు ఉన్నారా అని మళ్ళీ నన్నే అడుగుతారు. ఆ నవ్వు ఆమె మీద పడదు, మా ఇంటి మీద పడుతుంది. సిగ్గేసింది. అంతే కారణం. ఫుల్‌స్టాప్ పెట్టి సేవ్ చేశాను.

పారెయ్యడానికి మాత్రం చేతులు రాలేదు. నా బల్ల కింద ఒక అట్టపెట్టె ఉండేది. రికార్డుకెక్కని సీడీలు, పుస్తకాల వెంట వచ్చిన చిల్లర మల్లర వస్తువులు అందులో వేసేదాన్ని. ఇదీ అందులో వేశాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు.

మళ్ళీ ఆమె వచ్చేసరికి వానలు వచ్చి వెళ్ళిపోయాయి. ఈసారి ఒక్కతే వచ్చింది. నన్ను చూసి నమస్కారం పెట్టింది.

"నమస్తే అండి. జ్ఞాపకం ఉండానా? కతల పుస్తకం ఇచ్చిపొయినాను" అంది. ఆంధ్రా మనిషితో మాట్లాడుతున్నానన్న జాగ్రత్త ఆమె ప్రతి మాటలోనూ ఉంది. "రేపు మా ఇంటాయన తద్దినమండి. ఆ సీడీ ఒకసారి పెడతారేమో అని వచ్చినాను."

"కథలు వినాలనా అండీ?"

"కతలు నాకు తెలియనివా" అని నవ్వింది. "మధ్యలో ఆయన ఊ కొట్టేది ఉంటాది. ఆయన గొంతు ఇంక యాడా లేదండి. ఫోటోలు ఉండాయి గాని గొంతు దాంట్లో మాత్రమే. ఆ ఊ విని పోదామని."

ఇవ్వడానికి వచ్చిన రోజు ఈ మాట చెప్పలేదు. ఆంధ్రా నుంచి వచ్చిన మేడంతో ఇలాంటివన్నీ ఎందుకని ఊరుకుందేమో.

కూర్చోమని చెప్పి బల్ల కిందికి వంగాను. పెట్టె లేదు. అది ఉండే చోట నేల శుభ్రంగా ఉంది, చీపురు గీతలు కనబడుతున్నాయి. సార్ గదిలోకి వెళ్ళి అడిగాను.

"ఆ పెట్టెనా? స్టాకు చూసినప్పుడు పాత కీబోర్డులవీ పట్టుకుపోయేవాళ్ళు వస్తే అదీ ఇచ్చేశామండీ. మీరు సెలవులో ఉన్నారు. రికార్డులో లేనివే కదా అన్నీ" అన్నారు. నా మొహం చూసి, "ఏమైనా కావలసింది ఉందా అందులో? చెప్పి ఉంటే తీసి ఉంచేవాణ్ణి కదండీ" అన్నారు. ఆయన తప్పకుండా తీసి ఉంచేవారే.

తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చి బీరువాలు తెరిచి మూయడం మొదలుపెట్టాను. లేదని తెలిసీ వెతికాను, ఆమెకు ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి. అప్పుడే మా అమ్మ ఫోను చేసింది. అమ్మకు చెవుడు. గట్టిగా మాట్లాడితే తప్ప వినబడదు, ఎత్తకపోతే ఎత్తేదాకా చేస్తూనే ఉంటుంది.

"ఆఁ అమ్మా, ఈడనే ఉండాను. ఆఫీసులోనే. మాత్రలు ఆడ ఫ్రిజ్జు మీదనే పెట్టుండాను గదా, చూడు. సరి, సరి, వొచ్చి చేస్తాను."

ఫోను పెట్టి తల తిప్పేసరికి ఆమె నన్నే చూస్తూ ఉంది.

"మీది యాడ?" అంది.

"చింతాద్రిపేట" అన్నాను.

"మనోళ్ళేనా" అంది. ఆమె మొహంలో ముందు వచ్చింది సంతోషం. అది నేను మరిచిపోలేను. తర్వాత అది మెల్లగా ఆరిపోయింది. "ఆ పొద్దే చెప్పుంటే నేను అంత జంకేదాన్ని కాదు గదమ్మా" అంది.

తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే బాగుండేది. పక్కన కూర్చుని సీడీ సంగతి చెప్పాను. కంప్యూటర్లో ఎక్కించలేదనీ, ఎక్కించనివి తీసి ఇచ్చేశారనీ, ఇక దొరకదనీ. ఆమె గుడ్డసంచీ పిడి మడిచింది, విప్పింది.

"రాస్తానంటివి గదమ్మా" అంది.

"అన్నాను పెద్దమ్మా."

"మా మాట బాగలేదనా?"

నేను తల వంచుకున్నాను. ఆమెకు అర్థమైంది. "సరి, పోనీలే" అని లేవబోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను. కథలు మళ్ళీ చెప్పమని, నా ఫోనులో రికార్డు చేసి సీడీగా చేయించి, ఈసారి నేనే ఎక్కిస్తానని బతిమాలాను. ఆయన గొంతు తెచ్చి ఇవ్వలేను, ఆమె గొంతయినా నిలబెట్టాలని ఉంది నాకు. నా కోసమే అనుకోండి. ఆమె చిన్నపిల్ల ఏడుస్తుంటే కాదనలేనట్టు మళ్ళీ కూర్చుంది.

మీటింగులు పెట్టుకునే చిన్న గది తలుపు మూసి ఫోను ఆమె ముందు పెట్టాను. ఆమె మంచినీళ్ళు తాగి, నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఒక ఊరిలో ఒక కాకి ఉండేదట" అని మొదలుపెట్టింది. "దానికి చీర కట్టుకోవాలని కోరిక కలిగిందట. అది ఒక నేతగాని వద్దకు వెళ్ళిందట."

పుస్తకంలో ఆయన రాసిన వాక్యాలు. ఒక్కొక్క మాటా ఏరుకుని, తడుముకుని, బళ్ళో ఒప్పజెప్పే పిల్లలా చెప్తోంది. ఫోను ఆపాను.

"పెద్దమ్మా, అట్లొద్దు. మన మాటల్లోనే చెప్పండి. ముందు చెప్పినట్టుగానే. ఆడికి పొయ్యిందంట, ఈడికి వొచ్చిందంట అని." అమ్మతో ఫోనులో తప్ప, ఆ లైబ్రరీలో నేను నా సొంత నోటితో మాట్లాడింది కొత్తలో తిన్న ఆ నవ్వు తర్వాత అదే మొదలు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దులేమ్మా. నలుగురు వినేది. మళ్ళీ తీసేస్తారు" అంది.

నేను ఎంత చెప్పినా వినలేదు. తీసేసే వాళ్ళెవరో ఆమెకు తెలుసు, ఎదురుగానే కూర్చుని ఉన్నాను. మళ్ళీ ఫోను నొక్కాను. కాకి అక్కడికి వెళ్ళింది, ఇక్కడికి వచ్చింది. రెక్కలు నొప్పి పెట్టాయట. ప్రతి వాక్యం చివరా ఆమె ఆగుతోంది. మాటల కోసం తడుముకుంటోందనుకున్నాను మొదట. తర్వాత చూస్తే ఆగినప్పుడల్లా ఆమె కళ్ళు తన ఎడమ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు పోతున్నాయి. అప్పుడు అర్థమై, "ఊ" అన్నాను. ఆమె ఉలిక్కిపడి నన్ను చూసింది. కాసేపటికి మళ్ళీ అందుకుంది. కథ అయ్యేదాకా నేను ఊ కొడుతూనే ఉన్నాను.

సార్ తన కంప్యూటర్లో సీడీ చేసి ఇచ్చారు, ఏమీ అడగలేదు. వెనక అట్ట జేబులో పెట్టి రికార్డు మళ్ళీ తెరిచాను. ఫుల్‌స్టాప్ తీసి కూడిక గుర్తు వేసి, ఒక సీడీ అని రాశాను. కథలు చెప్పినవారుగా ఆమె పేరు ఎక్కించాను. వివరణలో భాష తెలుగు అని పెట్టాను. నిబంధనల ప్రకారం ఆ రికార్డులో ఇప్పుడు తప్పేమీ లేదు. ఎవరు వెతికినా దొరుకుతుంది.

సీడీ చివర కాకి ఏడుపు అయిపోయాక ఫోను ఆపేలోపల పడిన రెండు గొంతులు ఉన్నాయి. వాటిని కోసెయ్యలేదు. "ఈసారి సరిగ్గా చెప్పానా అండీ?" అని ఆమె అడుగుతుంది. నేను, "ఊ" అంటాను.